పెద్దపేగుకు మనం ఏం వడ్డిస్తున్నాం?

ఇంట్లో ఎవరికేం ఇష్టమో మనకి కంఠతా వచ్చు. మావగారికి ఉప్పు తగ్గించిన చారు, ఆయనకి వేపుడు, పిల్లలకి ముద్దపప్పు, నెయ్యి. ఇంతమంది రుచులు చూసుకునే మనం, మన ఇంట్లోనే ఉన్న మరికొందరిని మాత్రం ఎప్పుడూ తలుచుకోం. వాళ్ళు కంటికి కనబడరు. ప్రతి మనిషి పెద్దపేగులోనూ కోటానుకోట్లుగా కాపురం ఉంటారు. వాళ్ళే బాక్టీరియా.

బాక్టీరియా అనగానే రోగమే అనుకోకండి. పాలు తోడుకోవడానికీ, ఇడ్లీపిండి పులవడానికీ కారణం అవే కదా! పేగులో ఉండేవాటిలోనూ చాలావరకు మనకి మేలు చేసేవే. కాకపోతే వాటికీ ఆకలి ఉంటుంది. మనం పెట్టేదాన్ని బట్టే అవి మనకి తిరిగి ఇస్తాయి.

అన్నంలోని పిండి, పప్పులోని మాంసకృత్తులు, నూనె, నెయ్యి చాలావరకు చిన్నపేగులోనే అరిగి ఒంటికి పట్టేస్తాయి. పీచు మాత్రం అక్కడ అరగదు. అలాగే ప్రయాణం చేసి పెద్దపేగు చేరుతుంది. అక్కడి బాక్టీరియాకి అదే విందు. ఆ పీచుని పులియబెట్టి అవి కొన్ని ఆమ్లాలు తయారుచేస్తాయి. వాటిలో ముఖ్యమైనది బ్యుటిరేట్. పెద్దపేగు లోపలి పొరలోని కణాలకి బలమిచ్చే ఆహారం ఇదే. ఇది పేగులో వాపుని తగ్గిస్తుంది. చెడిపోయిన కణాలు ఇష్టంవచ్చినట్టు పెరగకుండా అడ్డుపడుతుందని కూడా పరిశోధనల్లో చూశారు.

వెన్న నిలవ ఉంటే ఒక ముక్కువాసన వేస్తుంది చూశారూ, ఆ వాసన ఈ ఆమ్లానిదే. "అయితే నెయ్యి నాలుగు చుక్కలు ఎక్కువ వేసుకుంటే పోదూ!" అంటారేమో. అలా కుదరదండీ. నెయ్యిలో ఉన్నది పైనే ఇంకిపోతుంది, పెద్దపేగు దాకా రాదు. అక్కడికి కావలసింది అక్కడే తయారవాలి, దానికి పీచు కావాలి.

పైగా కొవ్వు ఎక్కువ తింటే దాన్ని అరిగించడానికి పైత్యరసం ఎక్కువ ఊరుతుంది. అందులో కొంత పెద్దపేగులోకి జారితే, కొన్నిరకాల బాక్టీరియా దాన్ని పేగుపొరకి చెరుపుచేసే పదార్థాలుగా మారుస్తాయి. అంటే పీచు తగ్గి కొవ్వు పెరిగితే రెండువైపులా నష్టమే.

ఇదంతా ఊహ కాదనడానికి ఒక ముచ్చట చెబుతాను. 2015లో అచ్చయిన లెక్కల్లో, అమెరికాలోని నల్లజాతివారిలో లక్షమందికి సుమారు 65 మందికి పెద్దపేగు క్యాన్సరు వచ్చేదట, దక్షిణాఫ్రికా పల్లెల్లో ఐదుగురికి కూడా వచ్చేది కాదట. మూలాలు చూస్తే ఇద్దరివీ ఆఫ్రికాలోనే. మరి ఇంత తేడా ఎందుకని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ స్టీఫెన్ ఓకీఫ్ బృందం ఒక పని చేసింది. పిట్స్‌బర్గ్ నుంచి 20 మందినీ, దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్ పల్లెల నుంచి 20 మందినీ తీసుకుని రెండువారాలపాటు వాళ్ళ తిండి తారుమారు చేశారు. అమెరికావాళ్ళకి మొక్కజొన్న, చిక్కుళ్ళు, ఆకుకూరలు. పల్లెవాళ్ళకి సాసేజీలు, బర్గర్లు, బంగాళాదుంప వేపుళ్ళు. అమెరికావాళ్ళ పీచు రోజుకి 14 గ్రాముల నుంచి 55 గ్రాములకి పెరిగింది. ఆఫ్రికావాళ్ళది 66 నుంచి 12కి పడిపోయింది.

రెండే రెండు వారాలు! అమెరికావాళ్ళ పేగులో బ్యుటిరేట్ సుమారు రెండున్నర రెట్లయింది, పేగుపొరలో వాపు తగ్గింది. ఆఫ్రికావాళ్ళలో బ్యుటిరేట్ సగానికి సగం పడిపోయింది, వాపు లక్షణాలు పెరిగాయి. ఈ ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. రెండువారాల్లో ఎవరికీ క్యాన్సరు రాలేదు, ఎవరికీ పోలేదు. కానీ పేగు ఎటువైపు నడుస్తోందో అంత తొందరగా తెలిసిపోయింది. మంచికైనా చెడుకైనా మార్పు వంటింట్లోంచే మొదలైందన్నమాట.

ఇక మన వంటింటికి వద్దాం. ఒకప్పుడు దంపుడు బియ్యం తిన్నాం. ఇప్పుడు మల్లెపువ్వులాంటి అన్నం కావాలని తవుడంతా తీయించేస్తున్నాం. ఆ తవుడు గేదెలు తిని బలంగా ఉంటున్నాయి! హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం, వంద గ్రాముల తెల్లబియ్యంలో పీచు మూడు గ్రాములకి లోపే. జొన్నల్లో 10, రాగుల్లో, సజ్జల్లో 11 గ్రాములకి పైనే. పొట్టు పెసల్లో 17 గ్రాములు. శ్రావణమాసంలో వాయనం ఇచ్చే శనగల్లో సుమారు 25 గ్రాములు! ఇవన్నీ వండకముందు లెక్కలు సుమా. పెద్దవాళ్ళకి రోజుకి 30 గ్రాములదాకా పీచు అందితే మంచిది.

డబ్బు పెట్టి పొడులు కొనక్కర్లేదు. ఇలా చేసి చూడండి.

పెసరట్టుకి పొట్టుతీసిన పప్పు కాకుండా పొట్టు పెసలే నానబెట్టండి. రాత్రిపూట అన్నం బదులు వారానికి మూడురోజులు జొన్నరొట్టె గానీ రాగిసంకటి గానీ చెయ్యండి. రొట్టెపిండి జల్లించకండి. బీరకాయ, ఆనపకాయ తొక్కులు పారెయ్యకుండా శుభ్రంగా కడిగి నువ్వులతో పచ్చడి చెయ్యండి. తోటకూర కాడలు పులుసులో వెయ్యండి. ఉలవచారు కాచినప్పుడు నీళ్ళు మనం తాగి ఉలవలు పశువులకి పెట్టడం మన అలవాటు. ఈసారి ఆ ఉలవల్ని కొన్ని గుగ్గిళ్ళు చేసి పిల్లలకి పెట్టండి. సాయంత్రం బిస్కెట్ల బదులు జామకాయ కోసివ్వండి. అన్నం చల్లారితే అందులోని పిండిలో కొంత అరగని రకంగా మారి పెద్దపేగుకి చేరుతుంది. కాబట్టి చద్దన్నమూ మంచిదే, కానీ ఎండాకాలంలో బయట పెట్టేసి పాడుచేయకండి.

అయితే ఒక్కరోజే అన్నీ మొదలెట్టకండి. కడుపుబ్బరం వచ్చి "ఇవన్నీ మనకి పడవు" అంటారు ఇంట్లోవాళ్ళు. వారానికొక్కటి చొప్పున పెంచండి, మంచినీళ్ళు బాగా తాగించండి. పేగు ఆపరేషన్ అయినవాళ్ళు, పేగు సన్నబడిందని చెప్పించుకున్నవాళ్ళు డాక్టరుని అడిగాకే తినాలి.

పెట్టకూడనివి కూడా చెప్పుకోవాలి. సాసేజీ, బేకన్, సలామీ లాంటి నిలవచేసిన మాంసం క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్యసంస్థకి చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2015లో తేల్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సరు ముప్పు 18 శాతం పెరుగుతుందట. అంటే వందలో 18 మందికి వస్తుందని కాదు. ఇప్పటికే ఉన్న ముప్పులో అంత భాగం అదనంగా చేరుతుందని. వేటమాంసం రోజూ కాకుండా అప్పుడప్పుడు పెట్టుకోండి. మగవాళ్ళ సారా, సిగరెట్లు కూడా ఈ ముప్పుని పెంచేవే. ఆ మాట నేను చెప్పానని ఇంట్లో చదివి వినిపించండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. పీచు ముప్పుని తగ్గిస్తుందే గానీ వచ్చిన జబ్బుని నయంచేయదు. విరోచనంలో రక్తం కనబడితే "మొలలే" అని మనకి మనమే తీర్మానించుకుని, సిగ్గుపడి ఎవరికీ చెప్పం. అలా దాచకండి. అలవాటు మారిపోయి మూడువారాలకి మించి మలబద్ధకమో విరేచనాలో ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గినా డాక్టరుకి చూపించాలి. ముట్టు ఆగిపోయిన ఆడవాళ్ళకి రక్తం తక్కువైతే టానిక్కు తాగి ఊరుకోకూడదు. పేగులో కొంచెం కొంచెంగా రక్తం పోతుండవచ్చు, కంటికి తెలియదు. ఎందుకు తగ్గిందో కనుక్కోమని గట్టిగా అడగండి. తల్లిదండ్రులకో, తోడబుట్టినవాళ్ళకో ఈ క్యాన్సరు వచ్చి ఉంటే ఏ బాధా లేకపోయినా ఆ సంగతి డాక్టరుకి చెప్పండి.

ఈ జబ్బు చాలామందిలో చిన్న పిలకలా మొదలై క్యాన్సరుగా మారడానికి ఏళ్ళు పడుతుంది, పదేళ్ళు కూడా పట్టవచ్చు. గొట్టంతో చూసే కొలనోస్కోపీ పరీక్షలో ఆ పిలక కనబడితే అప్పుడే తీసేయవచ్చు. అంత వ్యవధి ఇచ్చే జబ్బుని సిగ్గుతో ముదరబెట్టుకోవడం ఎందుకు చెప్పండి?

అందరికీ వడ్డించి, ఆఖర్న అడుగంటిన అన్నం, మిగిలిన చారు వేసుకుని లేచిపోయే ఇల్లాలికి కూడా ఒక పెద్దపేగు ఉంది. ఈవారం గుగ్గిళ్ళు చేస్తే ముందు మీకో గిన్నెడు తీసిపెట్టుకోండి. వచ్చేవారం కలుద్దాం.