అనుభవం లేదంటున్నారు సరే, ఇచ్చేదెవరు?

ఉద్యోగం వెతుక్కుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, వాళ్లను చదివించిన తల్లిదండ్రులకు, పాఠాలు చెప్పిన అధ్యాపకులకు ఈ విన్నపం.

"ఫ్రెషర్లు కావలెను" అని పైన పెద్దక్షరాల్లో ఉంటుంది. తీరా కిందికి దిగి చదివితే "కనీసం ఏడాది అనుభవం తప్పనిసరి" అంటారు. దాని కింద "ఈ ఏడాది పాసవుట్స్ మాత్రమే", ఇంకా కింద "పదో తరగతి నుంచీ 60 శాతానికి తగ్గరాదు, బ్యాక్‌లాగ్స్ ఉండరాదు". ఈ ఏడు పాసైన పిల్లకు అనుభవం లేదంటారు. నిరుడు పాసైన పిల్లాడికి గ్యాప్ వచ్చిందంటారు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుంది వ్యవహారం.

ఇక మిగిలిన దారి హైదరాబాద్‌లోని అమీర్‌పేట. మైత్రీవనం చుట్టూ ఏ గోడ చూసినా జావా, పైథాన్, డెవాప్స్, టెస్టింగ్. ఊళ్లో బంగారం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు కోర్సుకు, హాస్టల్‌కు సరిపోతుంది. కోర్సయ్యాక ఇంటర్వ్యూలు రావు. అప్పుడు ఒక కన్సల్టెన్సీ అతను పక్కకు పిలిచి, "రెండున్నరేళ్లు పెట్టిద్దాం" అంటాడు. ఎప్పుడూ అడుగుపెట్టని కంపెనీ పేరు రెజ్యూమెలో చేరుతుంది. ఆఫర్ లెటరు, రిలీవింగ్ లెటరు, మూడు నెలల పే స్లిప్పులు ప్రింటై వస్తాయి. చేయని ప్రాజెక్టును ఎక్కాల్లా బట్టీ పట్టాలి: టీములో ఎంతమంది, మేనేజరు ఎవరు, ఎందుకు మానేశావు. అంతా దాటి ఉద్యోగంలో చేరాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ ఖాతా తెరిచి చూస్తారు. ఆ రెండున్నరేళ్లలో ఒక్క రూపాయి జమ కాలేదని తేలుతుంది. మర్నాటికి ఐడీ కార్డు పని చేయదు. కన్సల్టెన్సీ అతని ఫోనూ పని చేయదు.

దీన్ని మేం సమర్థించడం లేదు. అబద్ధం అబద్ధమే. కష్టపడి నిజంగా పనిచేసి వచ్చిన పిల్లల్ని కూడా దీనివల్ల అనుమానిస్తున్నారు. కానీ దొంగ అనుభవానికి ఇంత గిరాకీ ఎందుకొచ్చిందో అడగాలి కదా. అసలు అనుభవం దొరికే చోటు లేక కాదు, ఉన్న చోటును ఖాళీగా ఉంచబట్టి.

1961లోనే పార్లమెంటు అప్రెంటిస్‌ల చట్టం చేసింది. మొదట్లో అది ఫిట్టర్, టర్నర్, ఎలక్ట్రీషియన్ పనులు నేర్చుకునేవాళ్ల కోసం. 1973లో ఇంజనీరింగ్ డిగ్రీ, డిప్లొమా వాళ్లను చేర్చారు. 2014 సవరణతో బీఏ, బీకాం, బీఎస్సీ వాళ్లకూ దారి ఏర్పడింది. 2019లో మార్చిన నిబంధనల ప్రకారం, కాంట్రాక్టు వాళ్లతో కలిపి 30 మందీ ఆపైన సిబ్బంది ఉన్న సంస్థ ఏదైనా, ఆ సంఖ్యలో రెండున్నర శాతానికి తగ్గకుండా, 15 శాతానికి మించకుండా అప్రెంటిస్‌లను తీసుకుని తీరాలి. ఇది ఫ్యాక్టరీలకే అనుకునేరు, సాఫ్ట్‌వేర్ కంపెనీలకూ బ్యాంకులకూ వర్తిస్తుంది. డిగ్రీ ఉన్న అప్రెంటిస్‌కు అప్పుడు నిర్ణయించిన కనీస స్టయిపెండ్ నెలకు 9,000 రూపాయలు. నాట్స్ అని పిలిచే జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం కింద అందులో సగం కేంద్రమే భరిస్తుంది. ఏడాది పూర్తయ్యాక ఇచ్చే ప్రభుత్వ ధ్రువపత్రాన్ని ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలో అనుభవంగా నమోదు చేయించుకోవచ్చు. దొంగ పే స్లిప్పులతో పనిలేని అనుభవం అది.

ఆ లెక్కన వెయ్యిమంది పనిచేసే కంపెనీ తక్కువలో తక్కువ 25 మందికి చోటివ్వాలి. ఇవ్వకపోతే? 2014 సవరణలో జైలు శిక్ష ఎత్తేసి జరిమానా ఉంచారు. ముందు నెల రోజుల నోటీసు, తర్వాత ఖాళీ సీటు ఒక్కింటికి మొదటి మూడు నెలలూ నెలకు 500 రూపాయలు, ఆ పైన నెలకు 1,000. ఇప్పుడు లెక్క వేయండి. సీటు నింపితే కేంద్రం వాటా పోను కంపెనీకి నెలకు 4,500 ఖర్చు. నింపకపోతే, అదీ ఎవరైనా వచ్చి అడిగితే, 500, మహా అయితే 1,000. ఏది చవకో తెలుసుకోవడానికి ఎంబీఏ చదవక్కర్లేదు.

ఆర్టీసీ, సింగరేణి, ఈసీఐఎల్ లాంటి సంస్థలు అప్రెంటిస్‌ల కోసం నోటిఫికేషన్లు ఇస్తుంటాయి. దరఖాస్తు పెట్టినవాళ్లు మీలోనే ఉంటారు. హైటెక్ సిటీ అద్దాల మేడల్లోంచి అలాంటి ప్రకటనలు మీరెన్ని చూశారు?

మాలోనే కొందరికి ఈ చట్టం మీద నమ్మకం లేదు. అప్రెంటిస్ అంటే చవక చాకిరీ కదా అంటారు. వాళ్ల మాటలో నిజముంది. చట్టం దృష్టిలో అప్రెంటిస్ శిక్షణలో ఉన్నవాడే గానీ కార్మికుడు కాడు. ఏడాదయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిర్బంధమూ లేదు. 9,000తో హైదరాబాద్‌లో హాస్టల్, తిండి, బస్ పాస్ గడవాలంటే ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోక తప్పదు. అందుకే స్టయిపెండ్ పెంచమనీ, అప్రెంటిస్‌లను చూపించి ఉన్న సిబ్బందిని తీసేయకుండా కట్టడి చేయమనీ కూడా అడుగుతున్నాం. అయినా ఎదురు డబ్బు కట్టి, చేయని పనికి కాగితం తెచ్చుకుని, రోజూ భయపడుతూ ఆఫీసుకు వెళ్లడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

ఇంటర్న్‌షిప్‌లు ఉన్నాయి కదా అనవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. ఆలోచన మంచిదే. చిన్న ఊరి కాలేజీలో అంతమందికి పని చూపే కంపెనీ ఏది? చివరికి చాలామంది ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకున్నారు. 2024లో కేంద్రం తెచ్చిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం నెలకు 5,000 ఇస్తామంది గానీ, అందులో చేరడం చేరకపోవడం కంపెనీల ఇష్టం. ఇష్టం మీద వదిలేసినవి ఎలా సాగుతాయో మనకు తెలియనిది కాదు.

మేం కొత్త పథకం కోరడం లేదు. ఉన్న చట్టాన్ని బయటికి తీయమంటున్నాం. ఏటా జూన్‌లో, ఫలితాలు వచ్చే వేళకు, ప్రతి జిల్లాలో ఏ సంస్థలో సిబ్బంది ఎంతమంది, ఎన్ని అప్రెంటిస్ సీట్లు ఇవ్వాలి, ఎన్ని నింపారో జాబితా కలెక్టరేట్ నోటీసు బోర్డు మీద, ఆన్‌లైన్‌లో పెట్టాలి. జరిమానాలు కేంద్రం చేతిలోవి అని రాష్ట్ర ప్రభుత్వాలు తప్పుకోవచ్చు. భూములు ఎవరి చేతిలోవి? తక్కువ ధరకు స్థలం, కరెంటు రాయితీ, పన్ను మినహాయింపు తీసుకునే ప్రతి కంపెనీ ముందు ఈ సీట్ల లెక్క చూపాలన్న షరతు పెట్టడానికి అమరావతికి గానీ హైదరాబాద్‌కు గానీ ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. మా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన కోరిక ఇదే. ఖాళీ సీటుకు వేసే జరిమానా స్టయిపెండ్ కంటే తక్కువ ఉండకుండా కేంద్రం చట్టం సవరించాలి. ఔట్‌సోర్సింగ్ పోస్టుల్లో అప్రెంటిస్ ఏడాదిని అనుభవం కిందే లెక్కగట్టాలి. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవద్దని యూజీసీ 2018లో కాలేజీలకు చెప్పింది. పిల్లల సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకునే కంపెనీలకూ కన్సల్టెన్సీలకూ ఆ మాట ఎవరో ఒకరు చెప్పాలి.

కాలేజీలు కూడా ఒక పని చేయవచ్చు. చివరి సెమిస్టర్‌లోనే పిల్లలందరి పేర్లూ నాట్స్ పోర్టల్‌లో నమోదు చేయించండి. ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీలు కట్టించడం కంటే తక్కువ శ్రమ.

ఇక మీరు చేయాల్సింది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. ఒకటి చెన్నైలోని అప్రెంటిస్‌షిప్ శిక్షణ దక్షిణ ప్రాంతీయ బోర్డుకు, ఒకటి మీ జిల్లా ఉపాధి కల్పన కార్యాలయానికి. ప్రశ్నలు ఇవి, ఉన్నదున్నట్టు రాసుకోవచ్చు:

"మా జిల్లాలో అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాల్సిన సంస్థల పేర్లు తెలపగలరు. ఒక్కొక్క సంస్థ గత మూడేళ్లలో ఎన్ని సీట్లు ఇవ్వాలి, ఎన్ని ఇచ్చింది? ఖాళీ సీట్లకు ఎన్ని నోటీసులు జారీ చేశారు? ఎంత జరిమానా వసూలైంది?"

30 రోజుల్లో జవాబు రాకపోతే అదే కార్యాలయంలో పై అధికారికి మొదటి అప్పీలు వేయండి. జవాబు వచ్చినా రాకపోయినా కాగితాల జిరాక్సు పట్టుకుని, సోమవారం అర్జీలు తీసుకునే వేళకు మీ కలెక్టరేట్ దగ్గరికి రండి. అమ్మానాన్నలను కూడా వెంటబెట్టుకు రండి.