సౌలభ్యమా, అలవాటా?

‘అలవాటు లేని ఔపాసన చేస్తే మీసాలు తెగకాలాయి’ అని ఒక సామెత. అక్కడ తప్పు నిప్పుది కాదు, అలవాటు లేకపోవడానిది. కంప్యూటరును నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌లను గురించి మన కళాశాలలో వినవచ్చే మాటలకు ఈ సామెత చక్కగా అన్వయిస్తుంది. విండోస్ సులభమనీ, లినక్స్ కష్టమనీ విద్యార్థులే కాదు, అధ్యాపకులమైన మేమూ అంటూ ఉంటాము. ఈ అభిప్రాయంలో నిజమెంత, అలవాటెంత అన్నది విచారించదగిన విషయం.

ఈ విచారణకు ఇప్పుడొక అవసరం ఏర్పడింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 2021లో వెలువడిన విండోస్ 11, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని యంత్రాలను అధికారికంగా అంగీకరించదు. తెర వెలుగుతున్నా, మీటలన్నీ పనిచేస్తున్నా అటువంటి కంప్యూటర్లు పాతసామాను లెక్కలోకి పోతున్నాయి. ధనబలం గల విద్యాసంస్థలకు ఇది చిన్న ఖర్చు. శామీర్‌పేట, మేడ్చల్ పరిసర గ్రామాల నుండి వచ్చి, ఫీజు రీయింబర్స్‌మెంటు మీద ఆధారపడి చదువుకునే పిల్లలున్న మైనారిటీ కళాశాలకు ఇది చిన్న విషయం కాదు.

న్యాయంగా మాట్లాడుకుంటే, విండోస్‌లో సౌలభ్యం ఉన్నది. అయితే అది ఎక్కడి నుండి వచ్చిందో చూడాలి. దుకాణంలో కొన్న కంప్యూటరులో అది ముందుగానే అమర్చి ఉంటుంది. ఏదైనా ఇబ్బంది వస్తే బాగుచేసేవాడు మేడ్చల్ బజారులోనే దొరుకుతాడు. వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు కావలసిన ట్యాలీ దాని మీదనే నడుస్తుంది. లినక్స్‌ను మనమే అమర్చుకోవాలి. ఒక్కొక్కప్పుడు ప్రింటరు మొరాయిస్తుంది. అడుగుదామంటే తెలిసినవారు కనబడరు. కనుక సౌలభ్యంలో సగం యంత్రంలో ఉంటే, తక్కిన సగం ఇరుగుపొరుగులో ఉంటుంది. లినక్స్ మింట్ వంటి వాటిలో మెనూ సైతం విండోస్ 10లో వలె ఎడమవైపు క్రింది మూలన కనబడుతుంది. కష్టమంతా తెరమీద ఉన్నదనుకోవడం పొరపాటు.

రెండవ చిక్కును మనమే తెచ్చిపెట్టుకున్నాము. నా ఎం.ఏ. రోజులలో వ్రాసిన సిద్ధాంత వ్యాసాన్ని ఒక డి.టి.పి. దుకాణంలో టైపు చేయించాను. కొన్నేళ్ల తరువాత మరొక కంప్యూటరులో దానిని తెరచి చూస్తే తెలుగు ఒక్క అక్షరమైనా లేదు. అన్నీ ఆంగ్ల అక్షరాలు, అర్థంలేని గుర్తులు! యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం లభించింది. అయినా ఆ వ్యాసం ఒక ప్రత్యేక ఖతికి మాత్రమే తెలిసిన పద్ధతిలో కూర్చబడింది. అక్షరాలు నావే, తాళంచెవి మాత్రం మరొకరిది. మన వార్షిక సంచికలో తెలుగు పుటలు ఇటువంటి ఖతులతోను, ఉర్దూ పుటలు 1994 నుండి వాడుకలో ఉన్న ఇన్‌పేజ్‌తోను తయారవుతున్నాయి. ఇలా మనకు మనమే సంకెళ్లు తగిలించుకుని, కదలలేకపోతున్నామని లినక్స్‌ను నిందించడం ధర్మం కాదు.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అమెరికాలో గ్నూ అనే ప్రయత్నాన్ని ప్రకటించాడు. 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌కు ప్రాణం పోశాడు. ఆంగ్లంలో ‘ఫ్రీ’ అన్న ఒకే మాటకు వెల లేనిదనీ, బంధం లేనిదనీ రెండర్థాలుండడంతో వారి ఉద్యమాన్ని గురించి లోకంలో ఎంతో అపోహ కలిగింది. మన రెండు భాషలకూ ఆ ఇబ్బంది లేదు. తెలుగులో ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఉర్దూలో ముఫ్త్ వేరు, ఆజాద్ వేరు. 1998 నుండి మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం ఉన్న హైదరాబాదులోనే, గ్నూ/లినక్స్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించిన సంస్థ తనకు ‘స్వేచ్ఛ’ అనే పేరు పెట్టుకోవడం గమనించదగినది.

ఇది సాధ్యమేనా అని సందేహించేవారు కేరళను చూడాలి. 2001లో అక్కడ ప్రారంభమైన ఐటీ@స్కూల్ పథకం క్రమంగా పాఠశాలల బోధనను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి మళ్లించింది. ముందు ఉపాధ్యాయులకు శిక్షణ లభించింది. పిల్లలకు అదే మొదటి అలవాటైంది. జర్మనీలోని మ్యూనిక్ నగరం మాత్రం 2003లో లినక్స్‌కు మారాలని నిర్ణయించి, 2017లో తిరిగి విండోస్ వైపు మొగ్గింది. కనుక మార్పు ఒక్కటే చాలదు. నేర్పేవారు ఉండాలి, నిలబడే సంకల్పం ఉండాలి.

కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఇది. విండోస్‌ను వెళ్లగొట్టమని నేననడం లేదు. కార్యాలయపు లెక్కలు, ట్యాలీ తరగతులు ఉన్నచోటనే ఉండనివ్వండి. పాతవని ప్రక్కన పెట్టదలచిన కంప్యూటర్లలో ఒక్క వరుసను మాత్రం ఒక సంవత్సరం పాటు లినక్స్‌కు కేటాయించండి. ముందుగా పెన్‌డ్రైవ్ నుండే నడిపి చూడవచ్చు. అలా చూసినంత మాత్రాన యంత్రంలోని సమాచారానికి మార్పు జరగదు. ఆ వరుసకు కావలసిన శిక్షణ ముందు అధ్యాపకులకు ఇప్పించండి. నేర్చుకునేవారిలో మొదటి పేరు నాది వ్రాసుకోండి.

విద్యార్థినీ విద్యార్థులారా, వచ్చే సంచికకు మీ రచనలను యూనికోడ్‌లో మీరే టైపు చేసి తీసుకురండి. తెలుగుకు మండలి, రామభద్ర వంటి ఖతులు, ఉర్దూకు నోటో నస్తాలిక్ ఉచితంగానే కాక స్వేచ్ఛగానూ లభిస్తున్నాయి. మొదటి వారం వ్రేళ్లు తడబడతాయి. సైకిలు నేర్చిన మొదటి రోజున మోకాలు చీరుకుపోలేదా? మీరు నేడు వ్రాసినది ఇరవై ఏళ్ల తరువాత ఏ యంత్రం మీదనైనా, ఎవరి అనుమతీ అడగకుండా మీరు చదువుకోగలగాలి. నాకు దక్కని ఆ సౌలభ్యం మీకు దక్కాలన్నదే నా కోరిక.