ఆరేళ్ళకు హక్కు, మూడేళ్ళకే పోటీ

ఢిల్లీలో పార్లమెంటు సభ్యుల నివాసాల వరండాలలో వేసవి ఆరంభమయ్యేసరికి ఒక ప్రత్యేకమైన రద్దీ కనిపించే రోజులుండేవి. కేంద్రీయ విద్యాలయంలో బిడ్డకు సీటు కోసం సిఫార్సు ఉత్తరం ఆశించి వచ్చే తల్లిదండ్రుల రద్దీ అది. ఒక్కొక్క సభ్యుడు ఏటా పదిమంది పిల్లలను సిఫార్సు చేయవచ్చు. ఉభయసభల 788 మంది సభ్యుల వాటా కలిపితే 7,880 సీట్లు. ఈ పది సీట్ల వల్ల పదిమందిని సంతోషపెట్టి వందమందిని నొప్పించవలసి వస్తున్నదని నేనెరిగిన సభ్యులు పలువురు వాపోయేవారు. 2022 మార్చిలో ఈ విషయం లోక్‌సభలో ప్రస్తావనకు వచ్చినప్పుడు, వాటాను పెంచండి, లేదా పూర్తిగా తీసివేయండి అన్న మాట వినవచ్చింది. ఏప్రిల్‌లో దానిని తీసివేశారు.

అదే నెలలో అవే విద్యాలయాలకు సంబంధించిన మరొక నిర్ణయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఒకటో తరగతి ప్రవేశ వయస్సును ఐదేళ్ళ నుంచి ఆరేళ్ళకు పెంచడాన్ని కొందరు తల్లిదండ్రులు ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసి, అక్కడ ఓడి, అత్యున్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. అక్కడా వారికి ఊరట లభించలేదు. సిఫార్సుల రద్దు కొద్ది వేలమందికి సంబంధించిన విషయం. వయస్సు నిర్ణయమో, చిన్నపిల్లలున్న ప్రతి కుటుంబానికి సంబంధించినది.

ఆరేళ్ళ నియమం నిన్న మొన్న పుట్టినది కాదు. ఒకటో తరగతి ప్రవేశ వయస్సు సాధారణంగా ఆరేళ్ళకు తగ్గరాదని 1964-66 నాటి కొఠారీ కమిషన్ సిఫార్సు చేసింది. 2010లో అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వయస్సునే లెక్కలోకి తీసుకున్నది. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ళ పూర్వ ప్రాథమిక విద్య తరువాతనే ఒకటో తరగతి అన్నది. అయినా 2022లో లోక్‌సభకు ప్రభుత్వం ఇచ్చిన సమాధానం ప్రకారం 14 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు ఆరేళ్ళు నిండకుండానే పిల్లలను చేర్చుకుంటున్నాయి. మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ జాబితాలో ఉన్నాయి. 2023 ఫిబ్రవరిలో కేంద్రం రాష్ట్రాలన్నింటికీ మరల లేఖ వ్రాసింది. కర్ణాటక ఈ నియమాన్ని అంగీకరించి కూడా, తల్లిదండ్రుల ఒత్తిడికి తలవొగ్గి 2025-26 సంవత్సరానికి కొన్ని నెలల సడలింపు ఇచ్చింది. ఢిల్లీ ప్రభుత్వం 2026-27 నుంచి ఈ నియమాన్ని పాటించాలని 2025లో నిశ్చయించింది.

ఈ నియమం పిల్లల దృష్ట్యా సమంజసమైనదే. బలపం పట్టవలసిన వేళ్ళు ముదరకముందే పుస్తకాల బరువు మోపడం ఎవరికీ మేలు చేయదు. 1986లో రాజ్యసభకు నామినేటైన ఆర్.కె. నారాయణ్ తమ తొలి ప్రసంగాన్ని రాజకీయాలకు గాక బడిపిల్లల సంచుల బరువుకు వినియోగించారు. ఆ కదలిక ఫలితంగా ఏర్పడిన యశ్‌పాల్ కమిటీ 1993లో ఇచ్చిన నివేదికలో, నర్సరీ ప్రవేశాలకు పరీక్షలు, ఇంటర్వ్యూలు ఎత్తివేయవలసిందని కోరింది. ఏడాది ముందు చేరితే ఏడాది ముందు ఉద్యోగం అన్న లెక్క మన ఇళ్ళలో బలంగా ఉన్నది. అలా కలిసి వచ్చిన ఏడాదికి వెల ఆ పసివాడు చెల్లించవలసి వస్తుందన్నది ఆ లెక్కలో చేరదు.

చిక్కు నియమంలో లేదు. దానికి వెలుపల ఉన్నది. రాజధానిలో పేరున్న ప్రైవేటు పాఠశాలల ద్వారం ఒకటో తరగతి దగ్గర తెరుచుకోదు. మూడేళ్ళ పిల్లలను చేర్చుకునే నర్సరీ దగ్గరనే తెరుచుకుని, అక్కడే దాదాపు మూసుకుపోతుంది. శీతకాలం ఆరంభంలో దరఖాస్తులు, సంక్రాంతి నాటికి జాబితాలు. ఇల్లు దగ్గరైతే ఇన్ని మార్కులు, అక్కో అన్నో అక్కడే చదువుతుంటే ఇన్ని, తల్లిదండ్రులు పూర్వ విద్యార్థులైతే మరికొన్ని. బదిలీపై ఏప్రిల్‌లో ఢిల్లీ చేరే తెలుగు ఉద్యోగికి సొంత ఇల్లు లేదు, ఆ బడిలో పెద్దబిడ్డ లేడు, తాను చదివినది ఏ గుంటూరులోనో వరంగల్లులోనో. అతడు రైలు దిగేసరికే జాబితాలు వెలువడి మూడు నెలలవుతుంది.

మూడు నుంచి ఆరేళ్ళ మధ్య ఈ బిడ్డకు చట్టం ఇచ్చే రక్షణ ఏమిటి? రాజ్యాంగంలోని 45వ అధికరణం తొలి రూపంలో, పద్నాలుగేళ్ళు నిండేవరకు ఉచిత నిర్బంధ విద్య అన్నది. కింది వయస్సును పేర్కొనలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కక్షిదారుగా ఉన్న ఉన్నికృష్ణన్ కేసులో 1993లో సుప్రీంకోర్టు, పద్నాలుగేళ్ళ వరకు విద్య ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. అక్కడా కింది హద్దు లేదు. 2002లో వచ్చిన 86వ సవరణ ఆ హక్కును రాజ్యాంగంలో చేర్చుతూ, ఆరేళ్ళ లోపు పిల్లలను హక్కు నుంచి తప్పించి ఆదేశిక సూత్రాలలో ఉంచింది. విద్యాహక్కు చట్టం 11వ సెక్షనులో మూడేళ్ళు దాటిన పిల్లలకు ఉచిత పూర్వ ప్రాథమిక విద్య ఏర్పాటు ‘చేయవచ్చు’ అన్నారే గాని ‘చేయాలి’ అనలేదు.

ప్రవేశానికి బిడ్డనుగాని తల్లిదండ్రులనుగాని పరీక్షించరాదని, పరీక్షిస్తే తొలిసారి 25 వేల రూపాయల వరకు, ఆపైన ప్రతిసారీ 50 వేల వరకు జరిమానా అని 13వ సెక్షను చెబుతున్నది. కాని ఆరేళ్ళ లోపువారి నర్సరీ ప్రవేశాలకు, పేదవర్గాల నాలుగోవంతు సీట్లకు తప్ప, ఈ చట్టం వర్తించదని ఢిల్లీ హైకోర్టు 2013లో తేల్చింది. ఇంటర్వ్యూల నిషేధం ప్రభుత్వ ఉత్తర్వుల బలంపైనే మిగిలింది. దానికి శాసనబలం చేకూర్చేందుకు ఢిల్లీ శాసనసభ 2015లో ఆమోదించిన బిల్లు కేంద్రం వద్ద ఏళ్ళ తరబడి ఆగిపోయింది. జోక్యం చేసుకోవడానికి 2023లో సుప్రీంకోర్టు కూడా నిరాకరించింది.

పొరుగు దేశాలలోనూ ఈ రద్దీ లేకపోలేదు. ఐదేళ్ళకే ఒకటో తరగతి మొదలయ్యే శ్రీలంకలో, కొలంబోలోని ప్రసిద్ధ ప్రభుత్వ పాఠశాలలకు ఇంటి దూరం, పూర్వ విద్యార్థుల సంతానం వంటి వర్గాలే ప్రాతిపదిక. బంగ్లాదేశ్ ఒకటో తరగతికి ప్రవేశ పరీక్షలు మాన్పించి లాటరీ పెట్టింది. లాటరీ బిడ్డను పరీక్ష నుంచి కాపాడగలదు. మంచి బడుల కొరతను మాత్రం తీర్చలేదు.

ఈ నేపథ్యంలో ఆరేళ్ళ నియమం ఫలితం ఏమిటో ఊహించడం కష్టం కాదు. ఒకటో తరగతి ఏడాది వెనుకకు జరిగితే, దానికి ముందున్న కాలం ఏడాది పెరుగుతుంది. స్తోమత ఉన్న ఇల్లు మరొక ఏడాది ఫీజు కడుతుంది. లేని ఇంటి బిడ్డ అంగన్‌వాడీలో ఉంటుంది. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన ఆ పథకం నేడు సుమారు 14 లక్షల కేంద్రాలకు విస్తరించింది. కాని పిల్లల తూకం, పౌష్టికాహారం, టీకాల వివరాలు, రిజిస్టర్లు అన్నీ గౌరవ వేతనంపై పనిచేసే ఒక్క కార్యకర్త బాధ్యతే. వీటన్నిటి నడుమ చదువు చెప్పే తీరిక ఆమెకు ఎంత దొరుకుతుంది? 2030 నాటికి పిల్లలందరికీ పూర్వ ప్రాథమిక విద్య అన్న లక్ష్యం ఆమె భుజాలపైనే నిలిచి ఉన్నది.

తల్లిదండ్రులు చేయదగినది కొంత ఉన్నది: పేరున్న బడికంటె నడిచి వెళ్ళగల బడిని ఎంచుకోవడం, మూడేళ్ళ బిడ్డ చేత అక్షరాలు దిద్దించడమే ఘనతగా చెప్పుకునే చోటుకు దూరంగా ఉండడం. కాని ఎంపిక అన్న మాట ఎంచుకోగలవారికే వర్తిస్తుంది. మిగిలినవారి కోసం పార్లమెంటు 11వ సెక్షనులో ఒక్క మాట మార్చి, అందుకు తగిన నిధులు సమకూర్చవలసి ఉన్నది. ఆ పని జరిగేవరకు ఈ ఆరేళ్ళ నియమం కలిగినవారి బిడ్డకు మూడేళ్ళ చదువు, లేనివారి బిడ్డకు మూడేళ్ళ నిరీక్షణ అని చెప్పక తప్పదు.