ఎవరి మాట అచ్చయింది?

సెమిస్టర్ చివరి వారం. బల్ల మీద పాఠ్య పథకాలు, ఇంటర్న్‌షిప్ డైరీలు గుట్టలు పడి ఉన్నాయి. ఇంటర్నల్ మార్కులు ఎక్కించాలి, వైవాకు బయటి పరీక్షకులు వచ్చే రోజు దగ్గరపడింది. ఇంత హడావుడిలోనూ ఒక్క కట్ట మాత్రం చకచకా దిద్దలేకపోయాను. బీఎడ్‌లో ‘రీడింగ్ అండ్ రిఫ్లెక్టింగ్ ఆన్ టెక్స్ట్స్’ అనే చిన్న పేపరు కోసం మా పిల్లలు చేసిన వార్తా పరిశీలన అది.

కొల్లేరు సరస్సు మీద ఒకే రోజు రెండు దినపత్రికల్లో వచ్చిన వార్తలు అతికించి, అందులో ఎవరెవరు మాట్లాడారో గుర్తు పెట్టమన్నాను. తాడేపల్లిగూడెం నుంచి వచ్చే ఒకమ్మాయి రంగు పెన్సిళ్లు పట్టింది. అధికారులకు నీలం, నాయకులకు ఎరుపు, చెరువుల యజమానులకు ఆకుపచ్చ, లంక గ్రామాల వాళ్లకు పసుపు. ఒక పత్రిక ప్రభుత్వాన్ని వెనకేసుకొచ్చింది, రెండోది దుమ్మెత్తిపోసింది. పసుపు గీత మాత్రం రెండింటిలోనూ ఎక్కడా లేదు.

ఏ పత్రిక ఏ పార్టీదో ఏలూరు టీకొట్టులో ఎవరినడిగినా చెబుతారు. అది తెలిసిన పక్షపాతం, పాఠకుడు తన జాగ్రత్తలో తానుంటాడు. నన్ను కలతపెట్టేది ప్రశ్నలోనే దాగి ఉండే పక్షపాతం. 1970లలో ప్రభుత్వం కొల్లేరులో వడ్డీ కులస్తులకు, దళితులకు సొసైటీల పేరిట చేపల చెరువులు ఇచ్చింది. కాలక్రమంలో చాలావరకు లీజుల మీద పెట్టుబడిదారుల చేతికి వెళ్లాయి. 1999లో ఎత్తును సూచించే అయిదో కాంటూరు గీత దాకా, సుమారు 308 చదరపు కిలోమీటర్లు పక్షుల అభయారణ్యమైంది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట చెరువు గట్లు కొట్టేశారు. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానం చేసింది. ఇంత కథనూ ‘పక్షులా, మనుషులా’ అని అడిగేస్తే, లీజుదారు కూడా పేద మత్స్యకారుడి పక్కన చేరి మనుషుల లెక్కలోకి వచ్చేస్తాడు. గట్టు తెగిన రోజు ఒకరి పెట్టుబడి పోయింది, ఒకరి కూలి పోయింది. ఆ రెండూ ఒకే వార్త ఎలా అవుతాయి?

ఈ పక్షపాతం వెనక డబ్బు కూడా ఉంది. 2009 ఎన్నికలప్పుడు వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ మన పశ్చిమ గోదావరి జిల్లాలోనే నమూనా సర్వే చేసి, రాష్ట్రంలో పత్రికలు వార్తలు అమ్ముకుని 350 నుంచి 400 కోట్ల రూపాయలు గడించాయని అంచనా కట్టింది. తమ వృత్తినే నిలదీసిన ఆ విలేకరులంటే నాకు గౌరవం. ఇలా అమ్ముకున్న వార్తల మీద పాత్రికేయులు పరంజయ్ గుహ ఠాకుర్తా, కె. శ్రీనివాసరెడ్డి ప్రెస్ కౌన్సిల్‌కు ఇచ్చిన 71 పేజీల నివేదికలో పత్రికల పేర్లు కూడా ఉన్నాయి. కౌన్సిల్ 2010లో దాన్ని పక్కనపెట్టి పొట్టి ప్రతి విడుదల చేసింది. అసలుది వెలుగు చూడటానికి మరుసటి ఏడాది కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాల్సి వచ్చింది.

మండల విలేకరిని తిట్టి లాభం లేదు. చాలామందికి సరైన జీతం లేదు, ప్రకటనల టార్గెట్ మాత్రం ఉంది. పండగ ప్రకటన కోసం ఏ చెరువు యజమాని గుమ్మం తొక్కాలో, ఆయన మీదే వార్త రాయమంటే ఎలా రాస్తాడు?

ఎన్‌సీఈఆర్‌టీ ఏడో తరగతి సాంఘిక శాస్త్రంలో 2007లోనే మీడియా పాఠం పెట్టారు. కాలుష్య కర్మాగారాల మూసివేతను రెండు పత్రికలు రెండు రకాలుగా రాస్తే ఎలా ఉంటుందో అందులో చూపించారు. కర్మాగారం స్థానంలో చేపల చెరువు పెడితే అది మన పాఠమే. మేము మాత్రం పాఠ్య పథకంలో గళ్లన్నీ నిండాయా అని చూసి మార్కులేస్తున్నాం. వచ్చే సెమిస్టర్‌లో కైకలూరు, ఆకివీడు వైపు బడులకు ఇంటర్న్‌షిప్‌కు వెళ్లేవారికి ఈ పాఠం తప్పనిసరి చేయాలని, దానికి విడిగా మార్కులు ఉండాలని బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు రాస్తున్నాను. రెండు పత్రికలు, ఒక పీరియడు, లంక నుంచి బడికొచ్చే పిల్లల ఇంట్లో పెద్దవాళ్లతో ఒక పూట మాటలు. అంతకు మించి అడగడం లేదు.