వింటికి బరువొక్కటే చాలదు

కలప ఎంత బరువైనదో విల్లు అంత మేలైనదని కొత్తగా విండ్లు చేయువారు భ్రమపడుదురు. దక్షిణ అమెరికా అడవులలోని ఇపే చేవ నీటిలో మునుగునంత దట్టమైనది. అందుచే విల్లును సన్నగా చెక్కినను వంపును సహించును. తేలిక కలపనైతే వెడల్పుగా చెక్కవలెను. భేదమంతయు అంతే! 1545లో మునిగిన ఆంగ్లనౌక మేరీ రోజ్‌లో దొరికిన విండ్లు యూ చెట్టువి. అది ఇపే కంటె ఎంతో తేలిక.

ముందుగా చూడవలసినది నార. విలుకానికి ఆవలనుండు వింటివెన్నుపై పోగులు కొననుండి కొనకు తెగక సాగవలెను. తెగినచోట ఎంతటి చేవయైనను విరుగును. ఇపే వెన్నుకు వెదురుబద్ద అతుకు పనివారు దీని నెరుగుదురు.

2024 నవంబరు నుండి అనుమతిపత్రము లేనిదే ఇపే కలప దేశపు ఎల్లలు దాటరాదు. అట్టి పలకను బరువు చూచి కొని, అడ్డునార వలన విరుగగొట్టుకొనుట కంటె, తిన్నని నారగల సామాన్యపు కలపతో తొలివిల్లు చేయుటయే యుక్తము.