దిష్టి కాదు, డిజైన్ లోపం

మా సెడాన్‌లో ఐదుగురం ఎక్కితే స్పీడ్ బ్రేకర్ దగ్గర అడుగు గీసుకుంటుంది. "దిష్టి తగిలింది, నిమ్మకాయలు, మిరపకాయలు కట్టు" అంటారు బంధువులు. బరువుకి స్ప్రింగులు కుంగుతాయి. చక్రాల మధ్య దూరం ఎక్కువ, అడుగు నేలకి దగ్గర. ఇందులో దిష్టి ఎక్కడుంది? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం 3.7 మీటర్ల వెడల్పుకి 10 సెంటీమీటర్ల ఎత్తు. మా వీధిలోది చిన్న గోడ!

గీతలు పడితే పడ్డాయి. అసలు లోపం వెనక సీటు మధ్యలో ఉంది. అక్కడ నడుము బెల్టే తప్ప భుజం మీదుగా వచ్చే బెల్టు లేదు. కారు గుద్దుకుంటే నడుము ఆగుతుంది, తల ఆగదు. మనం అక్కడ కూర్చోబెట్టేది పిల్లల్నే.

కారు కొనేవాళ్ళకి నా మాట ఒక్కటే: చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే ముందు మధ్య సీటు బెల్టు లాగి చూడండి.