ఫ్రెంచి నేర్వండి, దారి తెలుసుకుని

అనకాపల్లిలోని మన పిల్లలు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాట్లాడతారు. ఖుర్‌ఆన్ అరబ్బీలో చదువుతారు. వారికి ఐదో భాష అసాధ్యమేమీ కాదు.

2023 నుంచి కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఫ్రెంచి వచ్చినవారిని విడిగా ఎంపిక చేసి శాశ్వత నివాసానికి ఆహ్వానిస్తోంది. 2024 ఫిబ్రవరిలో సాధారణ విభాగానికి 530కి పైగా పాయింట్లు అవసరం కాగా, ఫ్రెంచి విభాగంలో 336కే పిలుపు అందింది. అందుకు వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం నాలుగింటిలోనూ ఏడో స్థాయి రావాలి, ఉద్యోగానుభవమూ ఉండాలి.

అయితే ఫ్రెంచి అనగానే స్ఫురించే క్యూబెక్‌లో, 2019 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ బడిలో కొత్తగా చేరే ఉపాధ్యాయిని హిజాబ్ ధరించరాదు. పై మార్గం క్యూబెక్ వెలుపల స్థిరపడేవారికే. మన ఆడపిల్లల జీవితాలతో ముడిపడిన ఈ తేడాను చెప్పని ఏజెంటు చేతిలో, తల్లి నగలు కుదువపెట్టి తెచ్చిన సొమ్ము పోయకండి. ఏడో స్థాయిని ఎవరూ కొనివ్వలేరు. ఏళ్ల తరబడి శ్రమించి సాధించవలసిందే.

ఆ శ్రమకు తోడుగా మైనారిటీ సంక్షేమ శాఖ జిల్లా కేంద్రంలోనే భాషా శిక్షణ ఇవ్వాలని అడుగుదాం. అందులో అబ్బాయిలతో సమానంగా అమ్మాయిలకూ చోటు కోరుదాం.